మూతిగుడ్డ

ఎర్రదిబ్బల సందులోంచి మందారకోట బురుజులు మొదటిసారి కంటబడేసరికి సూర్యుడు నడినెత్తి దాటి కాస్త పడమటికి ఒరిగాడు. బురుజుల అంచున పొదిగిన పగడాలు ఎండకు ధగధగలాడుతున్నాయి. కోట చుట్టూ తిరిగే కందకంలో తెల్లతామరలు విచ్చుకుని ఉన్నాయి, వాటి మధ్య రాజహంసలు బద్ధకంగా ఈదుతున్నాయి. సింహద్వారం మీద పచ్చల తోరణాలు గాలికి ఒకదానికొకటి తగిలి మోగుతుంటే ఆ చప్పుడు ఇంత దూరానికీ వినవస్తోంది. ఇల్లు కనబడితే ఏ సైన్యమైనా కేకలు పెడుతుంది, తలపాగాలు ఎగరేస్తుంది. యువరాజు నీలకేతుడి సైన్యం మాత్రం కిక్కురుమనలేదు.

సైన్యమంటే పెద్దదేమీ కాదు లెండి. ఒక ఏనుగు, నోట నురగలు కక్కుతున్న కొన్ని గుర్రాలు, ఒక వంటబండి, ఒక మేనా, దాన్ని మోసే బోయీలు, ఒళ్లంతా కట్లు కట్టుకున్న భటులు. వీళ్లే మాంత్రికుడు ఉలూకదత్తుడి కొండల్లో దూరి, నిప్పుల వాగు దాటి, పాముల పందిరి నరికి, అతడు ఎత్తుకుపోయిన రాజకుమారి కువలయను విడిపించి తెస్తున్నారు. ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఇదిగో, ఇప్పుడు తెలిసింది.

పని నెగ్గింది కదా, యువరాజు ముఖం వెలిగిపోతూ ఉండాలి. లేదు. తెల్లగుర్రం మీద ముందు ఒక్కడే వెళ్తున్నాడు. అతను ఆగితే వెనకవాళ్లు ఆగుతున్నారు, కదిలితే కదులుతున్నారు. పక్కకు వచ్చి గుర్రం కలిపినవాడు లేడు. మాట్లాడాలని ప్రాణం కొట్టుకుపోతుంటే అతనే వెనక్కి తిరిగి దండనాయకుడు మల్లభూపుణ్ణి పిలిచాడు. మల్లభూపుడు తలపండినవాడు, ఒంటి చేత్తో ఎలుగుబంటిని చంపినవాడు.

"దండనాయకా, ఎండ ఎక్కువగా ఉంది కదూ?"

"చిత్తం ప్రభూ. చాలా ఎక్కువగా ఉంది."

కొంచెం దూరం పోయాక యువరాజు మళ్లీ అన్నాడు. "అంత ఎక్కువేం కాదులే."

"చిత్తం ప్రభూ. చల్లగానే ఉంది."

 నీలకేతుడు గుర్రం జూలులో వేళ్లు పెట్టి దువ్వుకుంటూ కూర్చున్నాడు.

దీనంతటికీ కారణం మూతిగుడ్డ. మందారకోట సైన్యంలో తాతల నాటి నుంచీ ఒక ఆచారం ఉంది. ప్రయాణంలో ఎవరూ చెడుమాట అనకూడదు. అంటే నోటికి నల్లగుడ్డ కట్టి, ఊరు చేరేదాకా అన్నం వేళకు తప్ప విప్పరు. చెడుమాటంటే తిట్టు అనుకునేరు, తిట్లకు వాళ్లకేమీ పట్టింపు లేదు. 'దారి బాగాలేదు', 'ఇరుసు విరిగేలా ఉంది', 'నాకు ఒళ్లు వెచ్చగా ఉంది', ఇవీ చెడుమాటలు. అన్నందువల్లనే చెడు జరుగుతుందని వాళ్ల గట్టి నమ్మకం. అక్కడ బండి విరిగితే వడ్రంగిని పిలవరు. 'ఎవడన్నాడు?' అని వెతుకుతారు.

కొండలకు పోయేటప్పుడు రెల్లుబీడు దగ్గర, ఏనుగు గజలక్ష్మి మావటి ఓబన్న నోరు తెరిచాడు. "ఇది గట్టినేల కాదు దొరా. గజలక్ష్మి అడుగెయ్యనంటోంది. చుట్టూ తిరిగి పోదాం" అన్నాడు. చెల్లెలు శత్రువు చేతిలో ఉంది, యువరాజుకు గడియ ఒక యుగంగా ఉంది. "కట్టండి" అన్నాడు. కట్టారు. సైన్యం నేరుగా బీడులోకి దిగింది. ధాన్యం బండి, ఎద్దులు, బండిని తోసేవాళ్లు అందరూ కళ్లముందే ఊబిలో దిగబడిపోయారు. పైకి చాచిన చేతులు కాసేపు కనబడ్డాయి, తరువాత అవీ కనబడలేదు.

పాపం ఓబన్న చెప్పిందే నిజమైందని అందరూ అనుకుని ఉంటారని మీరనుకుంటే, మీరు మందారకోట వాళ్లు కారన్నమాట. ఓబన్న నోరే వాళ్లను మింగిందన్నారు. ఆనాటి నుంచి అతని పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు లేడు. ఆనాటి నుంచే యువరాజుకు 'చిత్తం' తప్ప వేరే మాట వినబడలేదు. ఆ గుడ్డ విప్పించాలని అతనికి చాలాసార్లు అనిపించింది. ఆచారం తప్పినట్టవుతుందని ఊరుకున్నాడు. రాత్రుళ్లు మాత్రం ఆ చేతులు కలలోకి వచ్చేవి.

దిబ్బల చివర ఒక పాత దిగుడుబావి ఉంది. జంతువులకు నీళ్లు పెట్టడానికి అక్కడ ఆగారు. ఎక్కువసేపు ఆగేందుకు లేదు. గుహలోంచి బయటపడగానే కువలయ కన్నీళ్లతో ఒక సంగతి చెప్పింది. మాంత్రికుడు ఆమెను శపించాడట. ఈరోజు పొద్దుగూకేలోపల కోటలోని కులదీపం ముందు నిలబెట్టకపోతే ఆమె రాయి అయిపోతుంది. అమ్మా నాన్నా పోయాక, పట్టాభిషేకం ఇంకా కాని ఆ యువరాజుకు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క చెల్లెలే. అందుకే తిండీ నిద్రా లేకుండా పరుగు.

అతను మేనా దగ్గరికి వెళ్లి తెరకు ఇవతల నిలబడ్డాడు.

"ఆకలేస్తోందా కువలయా?"

"మీరు తినమంటే తింటాను అన్నయ్యా."

"లోపల ఉక్కగా ఉందేమో. తెర తియ్యమంటావా?"

"మీకెలా తోస్తే అలాగే."

యువరాజు వెనక్కి వచ్చేశాడు. చెల్లెలు దొరకనప్పుడు కూడా అతనికి ఇంత ఒంటరిగా లేదు. ఎందుకో తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

అప్పుడు చూశాడు, వంటబండి వెనక ఏదో గుసగుస. చేతులు తిప్పుకుంటూ వాదించుకుంటున్నారు. యువరాజు అటు అడుగు వేయగానే తలోదిక్కుకూ చెదిరి, నవ్వుముఖాలు పెట్టి నిలబడ్డారు. మారువేషం వెయ్యకుండా ఏ జానపద వీరుడికైనా కథ నడుస్తుందా? నీలకేతుడు బావి వెనక్కి పోయి, కిరీటమూ ఉత్తరీయమూ తీసి గుర్రం జీను కింద దోపాడు. ఒక భటుడి గొంగడి తలమీదినుంచి కప్పుకుని, ముఖాన మట్టి పులుముకుని, ఏనుగుకు తెచ్చిన పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వంటబండి వైపు నడిచాడు.

"నువ్వు చెప్పు" అంటున్నాడు ఒక గొంతు.

"నాకేం పుట్టింది? బోయీవి, రోజంతా నీ భుజం మీదే ఉంటోంది, నువ్వు చెప్పు."

"దండనాయకులవారు పెద్దవారు. వారు చెబితే బాగుంటుంది."

దండనాయకుడు అక్కడే బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎలుగుబంటిని చంపిన ఆ మనిషి చేతుల్లో ముఖం పెట్టుకుని, "నాకు పెళ్లాం పిల్లలున్నారయ్యా" అన్నాడు.

"కోట తలుపులు తీశాక మన పెళ్లాం పిల్లలూ..."

"ఆ మాట అనకు. అంటే అవుతుంది."

ఆ మాటేమిటో యువరాజుకు అంతుపట్టలేదు. వంటమనిషి బుచ్చక్క గరిటెతో అతని వైపు చూపించింది. సైన్యం కడుపు చూసుకునే పెద్దమనిషి ఆమె, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. "ఎవడ్రా అది? ఆ మోపు అక్కడ పడేసి ఇట్రా. డొక్క అంటుకుపోయింది నీది. గంజి తాగి చావు."

యువరాజు ముంత అందుకుని కూర్చున్నాడు. అటూ ఇటూ వాళ్ల భుజాలు అతని భుజాలకు తగులుతున్నాయి. ఎవడో అతని ముంతలో పచ్చిమిరపకాయ వేశాడు. "మీసాలు ముంచుకోకుండా తాగలేవట్రా?" అని బుచ్చక్క కసిరింది. గంజి వేడిగా, ఉప్పగా, అమృతంలా ఉంది. ఈ ముంత ఇలాగే ఎప్పటికీ నిండుగా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆ కాస్త సేపూ అతను యువరాజు కాడు, ఏమీ కాడు, గంజి తాగుతున్న మనిషి.

ఇంతలో ఒక భటుడి చూపు కిందికి పోయింది. గొంగడి కింద ముత్యాలు కుట్టిన పట్టుచెప్పులు తళతళలాడుతున్నాయి. కిరీటం దాచిన మహానుభావుడు చెప్పులు మరిచిపోయాడు. ఏం చేస్తాం, పుట్టాక ఎన్నడూ తన చెప్పులు తాను విప్పుకున్నవాడు కాదు.

అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అతని పక్కన ఇరుకుగా ఉన్న చోటు కాస్తా ఖాళీ అయిపోయింది.

"చిత్తం ప్రభూ" అన్నాడు దండనాయకుడు, ఎవరూ ఏమీ అడగకుండానే.

యువరాజు ముంత కింద పెట్టాడు. "మీరేదో దాస్తున్నారు. చెప్పండి."

"అంతా కుశలమే ప్రభూ."

"ఇది ఆజ్ఞ." కత్తి సగం దూశాడు. తలలు వంగాయి కాని నోళ్లు తెరుచుకోలేదు. కత్తి ఒరలో పెట్టి మెడలో హారం తీశాడు. "చెప్పినవాళ్లకు ఇది." హారం వైపు చూసినవాడు కూడా లేడు. ఇవి రెండూ చూశాక వాళ్ల నోళ్లు ఇంకాస్త బిగుసుకున్నాయి.

అతను గబగబా నడిచి ఏనుగు నీడలో ఒంటరిగా కూర్చున్న ఓబన్న దగ్గరికి వెళ్లాడు. తన చేతులతోనే మూతిగుడ్డ ముడి విప్పాడు. ముడి బిగిసిపోయి ఉంది, విప్పేసరికి గోళ్లు నొప్పిపుట్టాయి. కింద ఓబన్న పెదవులు పగిలి నెత్తురు గట్టి ఉన్నాయి.

"ఓబన్నా, నువ్వైనా చెప్పు. వీళ్లకేం తెలుసు? నాకు తెలియనిదేమిటి?"

ఓబన్న చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. మాట్లాడటం మరిచిపోయినట్టున్నాడు. "వద్దు దొరా. నా నోటి వల్ల పోయినోళ్లు చాలు. నా పక్కన ఎవరూ కూచోరు. వాళ్ల తప్పు కాదు. నేనా మాట అనకుంటే బండి మునిగేది కాదేమో అని నాకే అనిపిస్తోంది. పగలూ రేత్రీ అదే. ఇంకో మాటని ఇంకొకర్ని చంపలేను." ఇలా అని, ఆ నల్లగుడ్డను తనే అందుకుని యువరాజుకు చాపాడు. "మళ్లీ కట్టెయ్యండి."

 నీలకేతుడు కట్టించిన గుడ్డ కోసం ఆ మనిషి తనే మూతి చాపుతున్నాడు. అతను ఓబన్న ఎదురుగా మట్టిలో కూలబడ్డాడు.

"బురద నువ్వు అనకముందే ఉంది ఓబన్నా. ఎన్నేళ్ల నుంచి ఉందో. నువ్వు చూసి చెప్పావు. నేను వినలేదు. ఆ చావులు నావి. నీవి కావు."

ఓబన్న తల వంచుకుని ఏడ్చాడు. చుట్టూ చేరిన భటులు మాత్రం నమ్మలేదు. యువరాజు గనుక గొప్పగా మాట్లాడుతున్నాడని ఊరుకున్నారు. నమ్మకాలంత తేలిగ్గా పోతే లోకంలో మాంత్రికులకు పనేముంటుంది?

యువరాజు ఆ గుడ్డ పట్టుకుని దిగుడుబావి గట్టెక్కాడు. "అందరూ వినండి. ఈ సాయంత్రం నేను చావచ్చు" అన్నాడు.

భటులు చెవులు మూసుకున్నారు. దండనాయకుడు "ప్రభూ, ప్రభూ" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"నా గుర్రం కాలు విరగచ్చు. మన కోట కూలిపోవచ్చు. నా చెల్లెలు నాకు దక్కకపోవచ్చు. బుచ్చక్క గంజి మాడిపోవచ్చు." ఈ చివరి మాటకు వంటబండి దగ్గర ఎవడో నవ్వబోయి ఆపుకున్నాడు. "ఇన్ని చెడుమాటలన్నాను. ఆచారం ప్రకారం కట్టండి నాకు. దండనాయకా, రండి, కట్టండి." మల్లభూపుడు గుడ్డ అందుకోలేదు. "నాకు కట్టలేనిది ఇక ఎవరికీ కట్టడానికి లేదు" అని యువరాజు ఆ గుడ్డను బావిలోకి విసిరేశాడు.

సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడింది. కథలు చెప్పేవాళ్లకే కాదు, నోళ్లు ఎప్పుడు తెరుచుకోబోతున్నాయో కనిపెట్టే మాంత్రికులకు కూడా అదను తెలుస్తుంది. కొండల వైపునుంచి ఇనుపముక్కు రాబందులు గుంపుగా దూసుకొచ్చాయి. ఒక్కొక్కటి దున్నపోతంత ఉంది. రెక్కల గాలికి ఎర్రమట్టి సుడులు తిరిగింది. భటులు ఆయుధాలు అందుకుంటూనే యువరాజు వైపు ఒక చూపు చూశారు. 'అన్నాడు, వచ్చాయి' అని ఆ చూపుకు అర్థం.

ఇక ఆలోచించే వ్యవధి ఎక్కడుంది? మొదటి పక్షి గుర్రం మీదికి దిగింది. నీలకేతుడు గట్టు మీదినుంచి దూకి దాని మెడ నరికాడు. రెండోది ఒక భటుణ్ణి నడుం పట్టి ఎత్తుకుపోతుంటే దండనాయకుడు ఈటె విసిరాడు. భటుడు గడ్డిమోపు మీద పడి బతికిపోయాడు. గజలక్ష్మి తొండంతో ఒకదాని రెక్క పట్టి గిరగిరా తిప్పి నేలకు కొట్టింది. యువరాజు కళ్లలో మట్టి కొట్టి ఏమీ కనబడటం లేదు. వాటిలో పెద్దది ఆ దుమ్మును అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా అతని వీపు మీదికి దిగుతోంది. చాలామంది చూశారు. చూసినవాళ్లందరి నోళ్లూ సగం తెరుచుకుని ఆగిపోయాయి.

"వెనక! వంగు!"

యువరాజు వంగాడు. ముక్కు అతని భుజాన్ని చీరి బావిగట్టు రాతిలో దిగబడింది. అది పెళ్లగించుకునేలోపల అతని కత్తి దాని గుండెలో దిగింది. పెద్దది పడగానే మిగిలినవి అరుచుకుంటూ కొండలకు తిరిగిపోయాయి.

"ఎవరు అరిచింది?" అన్నాడు యువరాజు, భుజం పట్టుకుని.

 బుచ్చక్క గరిటెతో సహా ముందుకు వచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "నేనే దొరా. నోరు జారింది. తమర్ని పట్టుకుని 'వంగు' అన్నాను. వంగండి అనేంత వ్యవధి లేకపోయింది."

నీలకేతుడు నెత్తురు కారుతున్న చేతినీ రెండో చేతినీ కలిపి ఆమెకు దండం పెట్టాడు. "నువ్వు ఆ చెడుమాట అనకపోతే నేను లేను. ఇంకేం చూశావు బుచ్చక్కా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. యువరాజు తొందరపెట్టలేదు. కత్తి తీసి పక్కన గడ్డిలో పెట్టి, గట్టు కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె నిలబడి ఉంది, అతను కిందున్నాడు.

"కోపమొస్తది నాయనా నీకు."

"వస్తుందేమో. వచ్చినా నిన్నేమీ అనను. చెప్పు."

"అమ్మాయిగారికి పంపిన కూడు పంపినట్టే తిరిగొస్తోంది. చెయ్యి పెట్టి కలిపిన గుర్తుంటుంది. మెతుకు తగ్గదు. నా వంట బాగలేదు కాబోలు, తెలిస్తే నన్ను మానిపిస్తారని ఎవరికీ చెప్పకుండా పారబోస్తున్నాను."

బోయీల పెద్ద సింగడు ముందుకొచ్చాడు. "మేనా బరువు లేదు దొరా. గుహ కాణ్ణించి ఖాళీ మేనా మోసినట్టే ఉంది. మోసేవాడు బరువు లేదంటే ఎవరు నమ్ముతారు? తాగొచ్చాడంటారు."

"గజలక్ష్మి అమ్మాయిగారి చేతి బెల్లం తిని పెరిగింది" అన్నాడు ఓబన్న ఏనుగు చెవి నిమురుతూ. "ఇప్పుడు మేనా పక్కకు పొమ్మంటే వణుకుతోంది. చెబుదామంటే నోటికి గుడ్డుంది."

అందరూ దండనాయకుడి వైపు చూశారు. అతను నేలవైపు చూస్తూ చెప్పాడు. "గుహలో సంకెళ్లు తెంచింది నేను ప్రభూ. అన్నాళ్లు ఇనుములో ఉన్న చేతి మీద ఒరుసుకున్న గుర్తు లేదు. మీరు ఆమెను పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నారు. ఆ సమయంలో నాకు నోరు రాలేదు. తరువాత ఇంకా రాలేదు. ఇప్పుడు చూడండి, రాబందులు మనందరి మీదా పడ్డాయి. మేనా మీద ఒక్కటి వాలలేదు."

తలా ఒక ముక్క పట్టుకుని, ఎవరి ముక్క వాళ్లు దాచుకుని, ఇంత దూరం నడిచొచ్చారు. ఆ ముక్కలన్నీ ఇప్పుడు ఒక్కచోట పడ్డాయి. అయినా అసలు మాట ఎవరూ అనలేదు. బుచ్చక్కే అంది.

"ఆ మేనాలో ఉన్నది మన పిల్ల కాదు నాయనా."

యువరాజు లేచాడు. అతని చెయ్యి కత్తి లేని ఒర మీదికి పోయింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. బుచ్చక్క మాత్రం కదల్లేదు, కళ్లు మూసుకుంది. పొద్దు బురుజుల మీదికి దిగుతోంది. వీళ్లు చెప్పింది తప్పయితే, చెల్లెల్ని చేజేతులా రాయి చేసినవాడవుతాడు. నిజమైతే, మాంత్రికుడి మాయను చెయ్యి పట్టుకుని కోటలోకి నడిపించి ఊరంతటినీ బలి పెట్టినవాడవుతాడు. కోటలో అప్పటికే శంఖం ఊదారు. అతని కోసం సింహద్వారం తెరుస్తున్నారు.

అతను ఒర మీదినుంచి చెయ్యి తీశాడు.

"నా దగ్గర కూడా ఒకటి ఉంది" అన్నాడు.  "కువలయ నాకు ఎదురు చెప్పకుండా ఒక్క పూట ఉండలేదు. నాకు యువరాజ పట్టం కట్టిన రోజున, నిండు సభలో, 'ఒరే అన్నా, ఆ అంగీలో దిష్టిబొమ్మలా ఉన్నావు' అంది. సభంతా బిగుసుకుపోయింది. నేను వెళ్లి అంగీ మార్చుకొచ్చాను. నిజంగానే అలా ఉన్నాను. ఈమె దొరికిందగ్గర్నుంచి 'అలాగే అన్నయ్యా' తప్ప ఇంకో మాట అనలేదు. అది లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఆ మాట నాకు నేను చెప్పుకున్నా చెల్లెలు పోతుందేమోనని భయపడ్డాను. మీకేం తీసిపోలేదు నేను."

ఎవరూ 'చిత్తం' అనలేదు.

అతను మేనా దగ్గరికి నడిచాడు. ఈసారి అందరూ అతని వెంటే వచ్చారు. తెరకు దగ్గరగా నిలబడి, గొంతు గట్టి చేసుకుని అన్నాడు. "కువలయా, నిన్ను కోటలోకి తీసుకెళ్లడం లేదు. ఈ బావి దగ్గరే వదిలేసి వెళ్తున్నాను. పొద్దుగూకితే నువ్వు రాయివైపోతావు."

 అతను చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఒరే అంటుందేమో, మొద్దూ అంటుందేమో, చెప్పు తీసుకుని మీదికొస్తుందేమో అని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకున్నాడు.

"మీ ఇష్టం అన్నయ్యా" అంది లోపలి గొంతు, తియ్యగా.

"అంతేనా? ఇంకేమీ అనవా?"

"మీ మాటకు ఎదురేముంది?"

యువరాజు కళ్లు తుడుచుకోలేదు. తెర పట్టి ఒక్క గుంజు గుంజాడు. పట్టుపరుపు మీద కువలయ కూర్చుని ఉంది. అవే కళ్లు, అదే గడ్డం కింది పుట్టుమచ్చ. అతను దండనాయకుడి కత్తి లాక్కుని ఆమె గొంతుకు ఆనించినా ముఖంలో చిరునవ్వు చెరగలేదు. కత్తి మొన తగిలినచోట నెత్తురు రాలేదు, బూడిద రాలింది. మరుక్షణం ఆ ముఖమూ చీరా చేతులూ ముక్కలు ముక్కలై గుడ్లగూబలుగా విడిపోయి, రెక్కలు టపటపలాడించుకుంటూ కొండల వైపు ఎగిరిపోయాయి. మేనాలో మిగిలింది ఒక్కటే, మొదలంటా కోసిన పొడవాటి జడ. చివర ఎర్రపట్టు కుచ్చులు ఇంకా కట్టే ఉన్నాయి.

బుచ్చక్క ఆ జడను ఒళ్లోకి తీసుకుని బావురుమంది. దండనాయకుడు వంగి దాన్ని ముట్టుకుని చూసి, "మాయారూపానికి ప్రాణం అసలు మనిషి ఊపిరి నుంచే వస్తుందని పెద్దలంటారు ప్రభూ. ఇంతసేపు నిలిచిందంటే అమ్మాయిగారు బతికే ఉన్నారు. అదే గుహలో" అన్నాడు.

"గుర్రం" అన్నాడు యువరాజు. తెల్లగుర్రం దగ్గరికి పరుగెత్తి అప్పుడే రికాబులో కాలు పెట్టాడు. "అందరూ ఎక్కండి. వచ్చిన దారినే, ఇప్పుడే."

"వద్దు దొరా" అన్నాడు ఓబన్న.

ఆ ఒక్క మాటకు సైన్యమంతా ఊపిరి బిగబట్టింది. ఓబన్న ఆగలేదు. "గుర్రాలు నురగలు కక్కుతున్నాయి. దిబ్బలు దాటేలోపల పడి చస్తాయి. గుడ్లగూబలు మనకన్నా ముందు పోయి చెప్పేస్తాయి. ఆ దారిలో వాడు మనకోసమే కాచుక్కూచుంటాడు. ఇప్పుడు పోతే అమ్మాయిగారు దక్కరు, మనమూ దక్కం."

ఇంతకన్నా చెడుమాట ఆ సైన్యంలో ఎన్నడూ ఎవరూ అని ఉండరు.  యువరాజు కాలు రికాబులోనే ఉంది. కొండల వెనక, జడ కోయించుకుని, తనను వదిలేసి ఎవర్నో ఇంటికి తీసుకుపోయిన అన్న కోసం ఒక పిల్ల ఎదురు చూస్తోంది. ఒక్క దూకు దూకితే గుర్రం ఎక్కేస్తాడు. ఎవరు ఆపగలరు? అందరూ అతని ముఖం వైపే చూస్తున్నారు.

అతను రికాబులోంచి కాలు తీశాడు.

"సరే, అయితే ఎలా వెళ్దాం? చెప్పండి."

 సింగడు ఏదో అన్నాడు. అది కాదని దండనాయకుడన్నాడు. మీ ఇద్దరికీ బుర్ర లేదని బుచ్చక్క ముక్కు చీదుతూ అంది. భటులు తలో మాటా అందుకున్నారు. బావి దగ్గర సంతలో ఉన్నంత గోల లేచింది. యువరాజు ఆ గోల మధ్య కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పుతూ వింటున్నాడు. భుజానికి కట్టు కట్టించుకోవడం కూడా మరిచిపోయాడు.

పొద్దు బురుజుల వెనక్కి దిగేవేళకు మొదటి గుడ్లగూబ కొండలు దాటి గుహ నోట్లోకి దూరింది. అట్టడుగున, రాతి స్తంభానికి సంకెళ్లతో కట్టేసి ఉన్న పిల్ల ఒకతె తలెత్తింది. గొరిగిన తల, దుమ్ము కొట్టుకుపోయిన ముఖం, ఒరిపిడికి పుండ్లు పడిన మణికట్లు. మాట్లాడించే నాథుడు లేక ఇన్నాళ్లూ గోడలతో పోట్లాడుతూ గడిపింది. ఒకటి తరువాత ఒకటి గుడ్లగూబలు వచ్చి ఉలూకదత్తుడి సింహాసనం చుట్టూ అరుస్తుంటే, సంగతి ఆమెకు అర్థమైంది.

కళ్లనిండా నీళ్లు వచ్చాయి. చేతులు కట్టేసి ఉన్నాయి గనుక భుజానికి ముఖం తుడుచుకుంది.

"ఇప్పటికి తెలిసిందట్రా మొద్దూ" అంది పైకే, వినేవాళ్లెవరూ లేకపోయినా.